సొంత సంగీతానికి విదేశీ లైసెన్స్: సరిహద్దు జిల్లాల కళాకారులకు పూర్తి మార్గదర్శి

ఆంధ్ర సరిహద్దును ఆనుకున్న ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం వైపు సంగీతం చేసేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మా పాటను విదేశీ సినిమాకో, ప్రకటనకో, డాక్యుమెంటరీకో ఇవ్వాలంటే మెయిల్ ఎవరికి పంపాలి?" మెయిల్ ఈ పనిలో ఏడో మెట్టు. ఎక్కువమంది అంతకుముందే జారిపోతున్నారు. నేనూ అక్కడే జారాను.

కొన్నేళ్ళ కిందట ఒక విదేశీ డాక్యుమెంటరీ బృందానికి నా వాద్యసంగీతం నచ్చింది. ధర కూడా కుదిరింది. అందులో మొహురి (సన్నాయి లాంటి వాద్యం) ఊదిన గంజాం జిల్లా కళాకారుడి అనుమతి పత్రం నాలుగు రోజుల్లో పంపమన్నారు. నా దగ్గర పత్రం లేదు. ఆయన అప్పటికే సూరత్ మరమగ్గాల పనికి వెళ్ళిపోయారు, ఫోను నంబరు మారిపోయింది. ఐదో రోజున వాళ్ళు వేరొకరి సంగీతం తీసుకున్నారు. అందుకే ఇందులో సంతకాల మెట్టు గురించి మిగతావాటికన్నా ఎక్కువ రాశాను. తొందరలో ఉన్నవారు దేన్ని వదిలినా దాన్ని మాత్రం వదలకండి.

1. మీ చేతిలో ఏ హక్కులున్నాయో తేల్చుకోండి

మనం ఒక్క మాటలో "పాట" అంటాం. భారత కాపీరైట్ చట్టం, 1957 అందులో మూడు వస్తువులను చూస్తుంది. బాణీకి కర్త స్వరకర్త. మాటలకు కర్త గేయ రచయిత. రికార్డింగుకు కర్త దాని నిర్మాత.

బాణీని, మాటలను దృశ్యంతో కలిపి వాడుకోవడానికి ఇచ్చే అనుమతి సింక్ లైసెన్స్. ఆ రికార్డింగునే వాడుకోవడానికి ఇచ్చేది మాస్టర్ లైసెన్స్. సినిమా తీసేవారికి రెండూ కావాలి. పెద్ద కంపెనీల పాటకైతే వాళ్ళు రెండు మూడు గుమ్మాలు తిరగాలి. మీరే బాణీ కట్టి, మాటలుంటే అవీ మీరే రాసి, మీరే రికార్డు చేసి ఉంటే రెండు అనుమతులూ ఒక్క సంతకంతో దొరుకుతాయి. చిన్న కళాకారుడికి ఉన్న అతి పెద్ద అనుకూలత ఇదే.

ఇక్కడ జరిగే పొరపాటు: రికార్డింగు నిర్మాత అంటే దాన్ని తయారు చేయడానికి చొరవ తీసుకుని బాధ్యత వహించిన వ్యక్తి అని చట్టం చెబుతుంది. విశాఖపట్నంలోనో, మన పక్క ఊరిలోనో స్నేహితుడు డబ్బు తీసుకోకుండా స్టూడియో ఇస్తాడు. రెండేళ్ళ తరవాత మాస్టర్, అంటే ఆ రికార్డింగు, ఎవరిదన్న మాట వస్తుంది.

దిద్దుబాటు: ఎంత స్నేహమైనా కొంత రుసుము చెల్లించి, మీ పేరిట రసీదు తీసుకోండి. "ఈ రికార్డింగుకు నిర్మాత ఫలానావారే, స్టూడియోకు హక్కు లేదు" అన్న వాక్యం రసీదు మీదే రాయించండి.

2. ఇవ్వదగిన పాటలు ఏరండి

ఉన్న పాటలన్నీ ఒక కాగితం మీద రాసి, కింది రకాలను కొట్టేయండి.

- సినిమా పాటల కవర్లు. గొంతు మీదే అయినా బాణీ, మాటలు మీవి కావు.
- పాత క్యాసెట్టు నుంచో, ఇంటర్నెట్ నుంచో తీసిన ముక్క ఉన్నవి. నాలుగు సెకన్లయినా సరే.
- ఇంటర్నెట్‌లో కొన్న బీట్ మీద పాడినవి. ఆ బీట్ లైసెన్సులో సినిమా, టీవీ వాడకానికి అనుమతి ఉందని రాసి ఉంటేనే ఉంచండి.
- కృత్రిమ మేధతో చేయించినవి. చాలా సంగీత లైబ్రరీలు (పాటలు సేకరించి వీడియోలు తీసేవారికి లైసెన్స్ ఇచ్చే సంస్థలు) దీనిపై ముందే ప్రకటన కోరుతున్నాయి. దాచి ఇస్తే ఒప్పందాన్ని మీరే ఉల్లంఘించినట్టు.

సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన లూపులు వాడిన పాటలను ఉంచవచ్చు. కానీ ఆ లూపు మరో వెయ్యిమంది పాటల్లోనూ ఉంటుంది కాబట్టి అలాంటివి యూట్యూబ్ కంటెంట్ ఐడీకి, అంటే వీడియోల్లో పాటను గుర్తించి హక్కుదారు పేరిట క్లెయిమ్ వేసే వ్యవస్థకు, ఇవ్వకూడదు.

ఇక జానపదం. మన జిల్లాల నుంచి బయటివాళ్ళు వినాలని కోరుకునేది ఎక్కువగా ఇదే. గజపతి కొండల సవర పాటలు, కోరాపుట్ ధింసాలో మోగే మోరి, కిరిడి, తుడుము, జోడుకొమ్ములు, మన పెళ్ళిళ్ళ సన్నాయి. తరాలుగా పాడుతున్న బాణీకి ఒక కర్త ఉండడు. దాన్ని మీ పద్ధతిలో మలచిన కూర్పు మీద మీకు హక్కు ఉంటుంది, అసలు బాణీ మీద ఉండదు. కనుక నమోదులో ఎక్కడైనా "సంప్రదాయ గీతం, కూర్పు ఫలానా" అనే రాయండి. "స్వరరచన" అని మీ పేరు వేసుకోవడం అబద్ధం. ఎవరైనా అదే పాటను పాత రికార్డింగులో చూపిస్తే మీ మిగతా పాటల మీదా అనుమానం పడుతుంది.

మీకు పాట నేర్పిన ఊరి పేరు, తెగ పేరు వివరాలలో రాయండి. పూజలోనో, చావు కర్మలోనో మాత్రమే పాడేవి కొన్ని ఉంటాయి. చట్టం అడ్డు చెప్పకపోయినా ఊరి పెద్దలు వద్దంటే వాటిని ఇవ్వకండి. బీరు ప్రకటన కింద ఆ పాట మోగితే ఆ ఊళ్ళో మళ్ళీ మీరు తలెత్తుకోలేరు.

3. సంతకాలు: రికార్డింగు రోజునే తీసుకోవాల్సినవి

చట్టంలో ఒక సంగతి చాలామందికి తెలియదు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే అది ఐదేళ్ళే అని భావిస్తారు. ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే అని భావిస్తారు. బదిలీ పొందినవారు ఏడాదిలోగా ఆ హక్కును వాడకపోతే, వేరే విధంగా రాసుకుని ఉంటే తప్ప, అది రద్దయినట్టే. వాద్యకారుల, గాయకుల ప్రదర్శన హక్కులకూ ఈ సెక్షన్ వర్తిస్తుంది.

అంటే "నా పాట వాడుకోవడానికి ఒప్పుకుంటున్నాను" అని తెల్ల కాగితం మీద రాయించుకున్న ఒక్క వాక్యం విదేశీ లైసెన్స్ అడిగిన రోజున పనికిరాదు. దేశాలు, కాలం, మాధ్యమాలు మూడూ అక్షరాలా కనిపించాలి. మాధ్యమాలను పేరుపేరునా రాయడం మేలు. ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమానికి, దాన్ని ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, బదిలీ వర్తించదని చట్టమే చెబుతోంది.

వాద్యకారులు, గాయకులతో నేను వాడే పత్రం ఇది. మీ వివరాలు నింపి వాడుకోండి:

"నేను ……… తేదీన ……… అనే సంగీతంలో ……… వాయించాను / పాడాను. ఆ రికార్డింగులోని నా ప్రదర్శనను ప్రపంచంలోని అన్ని దేశాలలో, హక్కు అమలులో ఉన్నంత కాలం, సినిమా, టీవీ, రేడియో, ప్రకటన, వీడియో గేమ్, ఇంటర్నెట్ మాధ్యమాలలో వాడుకోవడానికి, ఇతరులకు లైసెన్స్ ఇవ్వడానికి ……… గారికి హక్కు ఇస్తున్నాను. ఏడాదిలోగా వాడకపోయినా ఈ పత్రం చెల్లుతుంది. ఈ రోజు నాకు రూ. ……… ముట్టింది. లైసెన్స్ రుసుము వచ్చిన ప్రతిసారీ పన్ను, బ్యాంకు ఖర్చు పోగా మిగిలినదానిలో ……… శాతం నాకు చెల్లించాలి."

చివరి వాక్యం తీసేయాలని మీకు అనిపించవచ్చు. తీయకండి. రోజు కూలి ఇచ్చి ఊరుకుంటే చట్టప్రకారం సరిపోయే సందర్భాలు ఉండవచ్చు. కానీ తన పాట ఫలానా దేశంలో మోగిందని తెలిసిన రోజున ఆ కళాకారుడు అడిగే ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండాలి.

గేయ రచయితతో, సహ స్వరకర్తతో వేరే పత్రం కావాలి. అది వాటాల పత్రం. బాణీకి ఎంత, మాటలకు ఎంత, మొత్తం నూరు శాతం. "తరవాత చూసుకుందాం" అంటే తరవాత ఎవరి లెక్క వారికి ఉంటుంది. ఇంకో రెండు జాగ్రత్తలు:

- 2012 సవరణ తరవాత గేయ రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను వదులుకున్నట్టు రాయించుకోవడం కుదరదు. "అన్ని హక్కులూ, అన్ని రాయల్టీలూ వదులుకుంటున్నాను" అన్న వాక్యం రాయించకండి.
- మీతో రాసినవారు ఇప్పటికే ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీలో, అంటే ఐపీఆర్ఎస్‌లో సభ్యులేమో అడగండి. రచయితల, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ అది. సొసైటీకి ముందే అప్పగించిన హక్కుకు విరుద్ధంగా రాసుకున్న పత్రం చెల్లదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు భాష. ఒకే రికార్డింగులో తెలుగు గాయని, ఒడియా వాద్యకారుడు, సవర బృందం ఉంటారు. తెలుగు పత్రం మీద ఒడియా మాత్రమే చదవగలిగే ఆయనతో సంతకం పెట్టిస్తే, "ఏం రాశారో నాకు తెలియదు" అని ఆయన అన్నప్పుడు తప్పు ఆయనది కాదు. ఎవరి భాషలో వారికి పత్రం రాయించండి, పక్కనే ఇంగ్లీషు ప్రతి ఉంచండి. విదేశీ సంస్థ అడిగేది ఇంగ్లీషు ప్రతినే.

చదవడం రానివారికి పత్రాన్ని వారి భాషలో చదివి వినిపించి, ఆ సన్నివేశాన్ని వారి అనుమతితో ఫోనులో వీడియో తీయండి. వేలిముద్ర వేయించి, వారి ఊరివారినే ఇద్దరిని సాక్షులుగా పెట్టండి. బృందంగా పాడితే నాయకుడి సంతకం ఒక్కటే సరిపోదు, పాడిన ప్రతి ఒక్కరిదీ కావాలి.

రికార్డింగు రోజు సరిచూసుకునే పట్టిక:

- ప్రతి కళాకారుడి అనుమతి పత్రం, రెండు ప్రతులు (ఒకటి వారికి)
- వాటాల పత్రం, నూరు శాతం సరిపోయిందా
- స్టూడియో రసీదు, హక్కు లేదన్న వాక్యంతో
- గుర్తింపు కార్డు నకలు, రెండు ఫోను నంబర్లు (ఒకటి ఇంట్లో ఉండేవారిది)
- అన్నిటినీ స్కాన్ చేసి, పాట పేరుతో ఒకే ఫోల్డరులో

రెండో ఫోను నంబరు నేను సూరత్ సంగతి తరవాత చేర్చినది.

4. నమోదులు

కాపీరైట్ రావడానికి నమోదు తప్పనిసరి కాదు, కానీ వివాదంలో అది సాక్ష్యంగా ఉపయోగపడుతుంది. ఢిల్లీలోని కాపీరైట్ కార్యాలయానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. సంగీత రచనకు రూ. 500, సౌండ్ రికార్డింగుకు రూ. 2,000 రుసుము. ప్రతి పాటకూ అక్కర లేదు, ముఖ్యమైనవాటికి చేయించండి.

ఐపీఆర్ఎస్ 1969 నుంచి ముంబైలో పనిచేస్తోంది. మీ సంగీతం విదేశీ టీవీలో ప్రసారమైతే ఆ దేశపు సొసైటీ వసూలు చేసి, పరస్పర ఒప్పందం ద్వారా ఇక్కడికి పంపుతుంది. మీకు ఐపీఐ నంబరు (రచయితను, స్వరకర్తను అన్ని దేశాల సొసైటీలు గుర్తుపట్టే నంబరు) కూడా ఇక్కడే వస్తుంది. సభ్యత్వం తీసుకుని ఊరుకోకుండా, ప్రతి పాటనూ వాటాలతో నమోదు చేయండి.

చేరే ముందు ఒకటి ఆలోచించుకోండి. కొన్ని విదేశీ లైబ్రరీలు ఏ సొసైటీలోనూ లేని సంగీతమే కోరతాయి. ఐపీఆర్ఎస్‌లో చేరినవారు ప్రదర్శన హక్కును, అంటే పాటను ప్రసారం చేసే, బహిరంగంగా వినిపించే హక్కును, సొసైటీకి అప్పగించినవారు, కనుక అలాంటి లైబ్రరీలకు ఇవ్వలేరు. టీవీ, సినిమా వైపు వెళ్ళదలచుకున్నవారు సొసైటీలో చేరడమే మంచిదని నా అభిప్రాయం.

రికార్డింగుకు ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాల గుర్తింపు కావాలి. పాటలను ఆన్‌లైన్ సంగీత వేదికలకు చేర్చే ట్యూన్‌కోర్, డిస్ట్రోకిడ్ వంటి పంపిణీ సేవల ద్వారా పాట విడుదల చేస్తే అవే ఇస్తాయి. పాట ఎక్కడికి వెళ్ళినా అదే నంబరు వెంట ఉండాలి. వాద్య ప్రతి వేరే రికార్డింగు, దానికి వేరే నంబరు.

ఇక్కడ జరిగే పొరపాటు: మన వైపు ఆధార్‌లో పేరు ఒడియా పద్ధతిలో, ఇంటిపేరు చివర పెట్టి రాస్తారు. పాన్ కార్డులో తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందుంటుంది. బ్యాంకులో ఇంకోలా ఉంటుంది. విదేశీ చెల్లింపు ఆ తేడా దగ్గర ఆగిపోతుంది. ముందుగా ఈ మూడింటిలో పేరును ఒకేలా సరిచేయించుకుని, అదే స్పెల్లింగు ఐపీఆర్ఎస్‌కూ, పంపిణీ సేవకూ ఇవ్వండి. కళాకారుడిగా వేరే పేరు ఉంటే అది వేరే గడిలో రాయాలి.

5. ఫైళ్ళు సిద్ధం చేయడం

ఎడిటరు చేతికి ఏది వెళ్తే పని ఆగకుండా సాగుతుందో అదంతా ముందే ఉంచాలి. ప్రతి పాటకు:

- పూర్తి పాట, వేవ్ ఫైలు, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్
- గొంతు లేని వాద్య ప్రతి
- ముఖ్య వాద్యం తీసేసిన ప్రతి (సంభాషణ కింద వాడటానికి)
- 60, 30, 15 సెకన్ల ముక్కలు
- స్టెమ్స్: తాళ వాద్యాలు, బేస్, శ్రుతి వాద్యాలు, గొంతులు విడివిడిగా, అన్నీ ఒకే క్షణం నుంచి మొదలయ్యేలా

వాద్య ప్రతి లేకపోవడమే తరచూ ఎదురయ్యే లోటు. మిక్స్ చేసిన రోజునే తీసి ఉంచండి. ఏడాది తరవాత ప్రాజెక్టు తెరిస్తే ప్లగిన్లు పనిచేయవు.

పాట చివర నెమ్మదిగా శబ్దం తగ్గిస్తూ పోకండి. ఎడిటర్లు స్పష్టంగా ముగిసే పాటను ఇష్టపడతారు. ఆఖరి దెబ్బ మోత పూర్తిగా ఆగాకే ఫైలు తెంచండి.

చిన్న గదిలో సన్నాయి, డప్పు రికార్డు చేసేటప్పుడు మైకును మూతికి, చర్మానికి దగ్గరగా పెడితే శబ్దం చిట్లుతుంది. నాలుగైదు అడుగులు వెనక్కి జరిపి, పక్కకు తిప్పి పెట్టండి. ఫ్యాను ఆపండి. వేసవిలో కష్టమే, కానీ ఫ్యాను గాలి తరవాత తీయలేం. గుడి మైకు, లారీ హారన్లు లేని రాత్రి వేళ మన ఊళ్ళలో ఎంతో మెరుగు.

6. వివరాలు రాయడం

మెటాడేటా, అంటే ఫైలుతో పాటే ఉండే పాట వివరాలు, లేని ఫైలు ఎంత బాగున్నా మరుసటి వారం ఎవరిదో తెలియదు. వేవ్ ఫైలులో వివరాలు సరిగా నిలవవు, కనుక వివరాలు నింపిన ఎంపీ3 ప్రతిని కూడా జతచేయండి. పాట పేరు, స్వరకర్త, రచయిత, వాటాలు, ఐపీఐ, ఐఎస్‌ఆర్‌సీ, వేగం, శ్రుతి, భాష, వాద్యాలు, మీ మెయిల్ ఉండాలి. "సింక్, మాస్టర్ రెండు హక్కులూ నా దగ్గరే" అన్న వాక్యాన్ని వ్యాఖ్య గడిలో రాయండి.

భావం రాసేటప్పుడు "అద్భుతం", "హృద్యం" వంటివి వెతికేవారికి దొరకవు. దృశ్యం చెప్పండి: తెల్లవారుజామున నది, నడక, సంత, ఎదురుచూపు. "తుడుము" అని రాస్తే సరిపోదు, అది కర్రలతో వాయించే గిన్నె ఆకారపు డోలు అని ఇంగ్లీషులో వివరించండి. మాటలున్న పాటకు ఇంగ్లీషు భావం ఇవ్వడం తప్పనిసరి. అర్థం తెలియని మాటలను ఏ నిర్మాతా తెర మీద పెట్టడు.

7. ఎక్కడికి, ఎలా పంపాలి

దారులు మూడు. మొదటిది బహిరంగ మార్కెట్లు, కానీ అక్కడ రద్దీ ఎక్కువ. ఆర్ట్‌లిస్ట్, మ్యూజిక్‌బెడ్ వంటి సేవలు ఏరి తీసుకుంటాయి. మూడోది నేరుగా మ్యూజిక్ సూపర్‌వైజర్లకు (సినిమాకో, ప్రకటనకో పాటలు ఎంచేవారు), సింక్ ఏజెంట్లకు (కళాకారుల తరఫున వారికి పాటలు చూపేవారు) రాయడం. మొదట కొన్ని పాటలను నాన్ ఎక్స్‌క్లూజివ్ పద్ధతిలో ఇచ్చి, పని తీరు తెలిశాక మూడోదానికి వెళ్ళమంటాను.

ఎక్స్‌క్లూజివ్ అంటే ఆ పాటను ఇంకెవరికీ ఇవ్వలేరు. ఒకే పాటను ఒక చోట ఎక్స్‌క్లూజివ్‌గా, మరో చోట మామూలుగా పెట్టి దొరికిపోయినవారిని చూశాను. ఏ పాట ఎక్కడ ఉందో ఒక పట్టికలో రాసుకోండి.

ఇంకో పొరపాటు: పంపిణీ సేవలో కంటెంట్ ఐడీ అన్న గడికి టిక్కు పెట్టి, అదే పాటను లైబ్రరీకి ఇస్తారు. డబ్బు పెట్టి లైసెన్స్ కొన్నవారి వీడియో మీద మీ పేరిట క్లెయిమ్ పడుతుంది. లైబ్రరీకి ఇచ్చే పాటలకు ఆ టిక్కు తీసేయండి.

మెయిల్ ఐదారు వాక్యాలు మించకూడదు. వాళ్ళు చేసిన ఏ పని చూసి రాస్తున్నారో ఒక వాక్యం. మీ సంగీతం ఏమిటో ఒకటి. వినే లింకు ఒకటి, మూడు పాటలకు మించకుండా. హక్కులు, వాద్య ప్రతులు సిద్ధమన్న మాట ఒకటి. ఫైళ్ళు జతచేయకండి. మూడు వారాల తరవాత ఒక్కసారి గుర్తు చేయండి, ఆపైన వద్దు.

8. ఒప్పందం చదవడం

వచ్చిన సంతోషంలో సంతకం పెట్టేయకండి. ఇవి వెతకండి:

- ఏ మాధ్యమాలు, ఏ దేశాలు, ఎంత కాలం
- ఎక్స్‌క్లూజివా, కాదా
- రుసుము సింక్, మాస్టర్ రెండింటికీ కలిపా
- పాట పేరు మార్చి నమోదు చేసే హక్కు అడుగుతున్నారా
- రచయిత వాటాలో, అంటే మాటలు రాసినవారికి, బాణీ కట్టినవారికి నేరుగా వచ్చే రాయల్టీలో, భాగం అడుగుతున్నారా (పాట హక్కులు నడిపే సంస్థకు వెళ్ళే ప్రచురణ వాటా అడగడం మామూలే, రచయిత వాటా ఇవ్వకండి)
- ఏదైనా కేసు వస్తే నష్టమంతా మీరే భరించాలా, దానికి పరిమితి ఉందా
- విడిపోవడానికి నోటీసు ఎన్నాళ్ళు

చేర్చుకోవడానికి ముందు డబ్బు అడిగే "ఏజెంటు" ఏజెంటు కాడు.

ధర అడిగితే వెంటనే అంకె చెప్పకండి. ఎంతసేపు వినిపిస్తుంది, పేర్లు పడేటప్పుడా, మాటల కింద నేపథ్యంగానా, ఎన్ని దేశాలు, బడ్జెట్ ఎంత అని ముందు అడగండి. అమెరికా సినిమా హాళ్ళు స్వరకర్తకు ప్రదర్శన రాయల్టీ చెల్లించవు. అందుకే అక్కడి థియేటరు సినిమాకు ఇచ్చేటప్పుడు ముందు వచ్చే రుసుము మీదే గట్టిగా మాట్లాడాలి.

9. డబ్బు చేతికి రావడం

కార్యక్రమం పూర్తయ్యాక నిర్మాణ సంస్థ క్యూ షీట్ తయారు చేస్తుంది. ఏ నిమిషంలో ఎవరి సంగీతం ఎంతసేపు మోగిందో అందులో ఉంటుంది. సొసైటీలు రాయల్టీ పంచేది దాన్ని బట్టే. నకలు ఇవ్వాలని ఒప్పందంలోనే రాయించండి. వచ్చాక పేరు స్పెల్లింగు, ఐపీఐ సరిచూసి ఐపీఆర్ఎస్‌కు పంపండి.

అమెరికా సంస్థలు డబ్ల్యూ-8బెన్ అనే ఫారం అడుగుతాయి. నింపకపోతే 30 శాతం పన్ను పట్టుకుంటారు. భారత్, అమెరికా పన్ను ఒప్పందంలోని 12వ అధికరణాన్ని చూపి నింపితే కాపీరైట్ రాయల్టీకి 15 శాతమే. విదేశీ పన్ను గుర్తింపు గడిలో పాన్ నంబరు రాయండి. సంతకం చేసిన ఏడాది తరవాతి మూడో క్యాలెండర్ ఏడాది చివరివరకే అది చెల్లుతుంది. అక్కడ పట్టిన పన్నుకు ఇక్కడ జమ కోరవచ్చు. రిటర్ను వేసే ఆడిటరుకు ఆ పత్రాలు ముందే ఇవ్వండి.

డబ్బు బ్యాంకుకు వచ్చినప్పుడు దేనికని అడుగుతారు. "సంగీత లైసెన్స్ రుసుము" అని ఒప్పందం నకలుతో సహా చెప్పి, విదేశీ చెల్లింపు అందినట్టు ధ్రువపత్రం అడిగి తీసుకోండి. స్నేహితులు పంపిన డబ్బు అని తేలిగ్గా చెప్పేస్తే పన్ను లెక్కలో చిక్కుకుంటారు.

పన్ను, బ్యాంకు ఖర్చు పోగా మిగిలినదాని లెక్క ఒక కాగితం మీద రాసి, మూడో మెట్టులో సంతకం పెట్టిన ప్రతి ఒక్కరికీ వారి శాతం వారం లోపల ఖాతాకు పంపండి. ఖాతా లేనివారికి ఇంటికి వెళ్ళి ఇచ్చి సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఆ రసీదును వారి అనుమతి పత్రం వెనకాలే జతచేసి, అదే ఫోల్డరులో పెట్టండి.